ఈత రాని జమేదార్ పుట్టి ఎక్కిన రోజు

ఈ సంగతిని కాగితం మీద పెట్టవలసిన అవసరం నాకు ఇటీవలనే కలిగింది. మా వీధిలోని కళాశాల విద్యార్థులు కొందరు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "పోలీసులు పరాయివాళ్ల కోసం ప్రాణాలకు ఎందుకు తెగిస్తారు?" అని అడిగారు. వారికి ఏదో వ్యాసరచన పోటీ ఉన్నదట. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని కర్తవ్యం, ప్రమాణం, క్రమశిక్షణ అనే అంశాలను వరుస తప్పకుండా వివరించాను. వారు శ్రద్ధగా రాసుకుని, నమస్కరించి వెళ్లారు. వారు గడప దాటారో లేదో, లోపలి నుంచి నా భార్య నవ్వు వినిపించింది.

"గంత పెద్ద పెద్ద మాటలు జెప్పి పిల్లగాండ్లను బెదరగొట్టిండ్రు. గా జమేదార్ పుట్టి ఎక్కిన ముచ్చట జెప్పకపోతిరి?" అన్నది.

నా భార్య నన్ను విమర్శించడం కొత్త కాదు. ఆ విమర్శ సరైనది కావడమూ కొత్త కాదు. నేను విద్యార్థులకు చెప్పినదానిలో అసత్యం లేదు. అయితే, మనిషి ప్రమాదంలోకి అడుగు వేసే క్షణంలో ఆ మాటలలో ఒక్కదాన్నయినా పలికినవాడిని నా ఉద్యోగకాలం మొత్తంలో నేను చూడలేదు. వారు పలికిన మాటలు వేరు. అవి పుస్తకాలలో లేవు. నాకు జ్ఞాపకశక్తి ఉండగానే వాటిలో కొన్నింటిని భద్రపరచడం మంచిదని తోచి ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయలేదు. పేర్లు రాస్తే వారి మనుమలు వచ్చి, తమ తాత అంత లావుగా ఉండేవాడు కాదని వాదిస్తారు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్లకు నన్ను ఆదిలాబాద్ జిల్లాలో, ఖానాపూర్ వైపు, గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఠాణాకు బదిలీ చేశారు. కాగితాల మీద నేను సబ్ ఇన్‌స్పెక్టరును. జనం నోట మాత్రం నైజాం కాలం నాటి అమీన్ సాబ్‌నే. హెడ్ కానిస్టేబులును వారు జమేదార్ అనే పిలిచేవారు. కవాతు ఆజ్ఞలు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన కాలం అది. నేను కొత్త భాషలో గట్టిగా ఆజ్ఞ ఇస్తే పాత జవాన్లు ఒక్క క్షణం ఆలోచించి, పక్కవాని కాళ్లు చూసి, ఆ తరువాత తమ కాళ్లు కదిపేవారు. పక్కవాడు కూడా అదే పని చేస్తుండడం వల్ల మొత్తం వరుస కాసేపు కొయ్యబొమ్మల్లా నిలబడేది.

నేను క్రమాన్ని కోరేవాడిని. బూటు మెరవాలి, కాళ్లకు చుట్టే ఖాకీ పట్టీ మడత తప్పకూడదు, బెల్టు నడుము మీద ఉండాలి. ఈ చివరి నియమం దగ్గర నాకు, మా జమేదార్‌కు ప్రతిరోజూ పేచీ. ఆయన కరీంనగర్ పట్టణపు ముస్లిం కుటుంబీకుడు. వయసులో నాకంటే చాలా పెద్ద. గోరింటాకు పెట్టిన గడ్డం, విశాలమైన ముఖం, దానికంటే విశాలమైన పొట్ట. బెల్టు ఆ పొట్ట కింద ఎక్కడో ఉండేది గాని కంటికి కనిపించేది కాదు.

"జమేదార్ సాబ్, పొద్దున్నే మైదానం చుట్టూ పరుగెత్తండి" అంటే, "హౌ సాబ్, వానలు తగ్గంగనే" అనేవాడు. వానలు తగ్గితే చలి, చలి తగ్గితే ఎండ. ఆయన పరుగుకు అనుకూలమైన రుతువు ఆదిలాబాద్ జిల్లాలో లేదు.

ఆయనకు ఈత రాదు. అంతే కాదు, నీళ్లంటే భయం. మోకాలి లోతు వాగు దాటవలసి వచ్చినా ఒడ్డున నిలబడి దువా చదువుకుని, పక్కవాని భుజం పట్టుకుని దాటేవాడు.

రెండవవాడు పెద్దపల్లి వైపు నుంచి వచ్చిన యువ కానిస్టేబులు. రైతుబిడ్డ. మోటబావుల్లో దూకి ఈత నేర్చినవాడు. శిక్షణ ముగించుకుని అప్పుడే వచ్చినందున సలాం అంటే అతనికి మహా భక్తి. పై అధికారి కంటపడితే చాలు, కాలు నేలకు కొట్టి, చేయి నుదుటికి చేర్చేవాడు. పొద్దున చేతిలో చెంబు పట్టుకుని వెళ్తూ ఎదురుపడినా అదే వరస. ఠాణాలో మిగిలినవారు అతన్ని ఆటపట్టించేవారు. నాకు మాత్రం అతన్ని చూస్తే కన్నుల పండువగా ఉండేది.

ఇక ఆ రోజు సంగతి. ఎగువన మరాఠ్వాడాలో కురిసిన వానలకు గోదావరి ఒక్కసారిగా పెరిగింది. ఉదయం నేను హాజరు తీసుకుంటుండగా ఒక రైతు పరుగెత్తుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర నిలబడిన జమేదార్ కాళ్ల మీద పడ్డాడు. నది నడుమ ఉన్న దిబ్బ మీద అతనికి మక్కచేను ఉన్నది. కాపలా గుడిసెలో అతని తల్లి, భార్య, పాలు తాగే పసిబిడ్డ ఉన్నారు. గుడిసెలో పిండి అయిపోతే తెచ్చుకుందామని ముందునాటి సాయంత్రం అతను ఒడ్డుకు వచ్చాడు. తెల్లవారి చూసేసరికి తిరిగి పోయే దారి లేదు.

"దిబ్బ మొత్తం మునుగుతుంది సారూ! కళ్లమంత జాగ మిగిలింది. మా అవ్వ కొంగు ఊపుతుంది, కండ్లకు కనవడుతుంది. ఏమన్న జెయ్యుండ్రి, మీ కాల్మొక్త!"

మేమంతా ఒడ్డుకు పరుగెత్తాము. అతను చెప్పింది నిజమే. ఎర్రటి నీళ్ల మధ్య గుడిసె కప్పు, దాని పక్కన ఇద్దరు ఆడవాళ్లు. ఆ ఊరిలో పుట్టి ఉన్నది ఒక్క బెస్త పెద్దమనిషికే. పుట్టి అంటే వెదురుతో గుండ్రంగా అల్లి, తారు పూసిన తెప్ప. చూడడానికి పెద్ద గంపలా ఉంటుంది. ఆయన దానిని బోర్లించి, దాని మీద చేయి వేసుకుని నిలబడి ఉన్నాడు.

"పోతవా?" అని అడిగాను.

"పోత. గని ఒక్కన్ని పోను. గీ ఉరవడికి ఉత్త పుట్టి గిర్రగిర్ర తిరుగుతది. ఒకడు నాతోటి తెడ్డెయ్యాలె. నడుమల బరువు గావాలె."

"రాళ్లు వేయిస్తాను" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "రాయి దొర్లితే అడుగు పలుగుతది సాబ్. మీదికెళ్లి, జర ఇటు జరుగు అంటె రాయి జరుగదు. మనిషైతె జరుగుతడు. మంచి బరువున్న మనిషి గావాలె."

అందరి చూపులూ ఒక్కవైపే మళ్లాయి. జమేదార్ కూడా తన వెనుక ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ మైదానం తప్ప మరేమీ లేదు.

"నేనేనా?" అన్నాడు.

"మీకు ఈత రాదు. వద్దు" అన్నాను నేను. "బరువుకు ఇద్దరు జవాన్లను పంపుతాను."

"ఇద్దరు కూసుంటె వాపస్ వొచ్చేటప్పుడు జాగ ఉంటదా?" అన్నాడు బెస్త. "ఒక్కపారే పోవుడు. రెండోపారికి దిబ్బ ఉండది."

జమేదార్ బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. వంగలేక ఆయాసపడుతుంటే యువ కానిస్టేబులు కూర్చుని విప్పిపెట్టాడు. "ఇన్నేండ్లకు నా పొట్ట సర్కారుకు పనికొచ్చింది సాబ్" అన్నాడు జమేదార్ నవ్వుతూ. కానిస్టేబులు తెడ్డు అందుకున్నాడు.

నేనూ ఒక కాలు పుట్టిలో పెట్టాను. బెస్త తెడ్డు అడ్డం పెట్టాడు. "మీరొద్దు అమీన్ సాబ్. మీరు హుకుంలిస్తరు. పుట్టిల ఒక్కనిదే హుకుం నడువాలె."

నా ఉద్యోగకాలంలో నా ముఖం మీద అంత స్పష్టంగా నిజం చెప్పినవారు తక్కువ. నేను కాలు తీసుకున్నాను.

పుట్టిని ఒడ్డు వెంట బాగా ఎగువకు మోసుకుపోయి వదిలారు. నేరుగా అడ్డం దాటడం వీలుకాదు. ప్రవాహంతో కిందికి జారుతూ, తెడ్లతో ఏటవాలుగా నెట్టుకుంటూ, సరిగ్గా దిబ్బ దగ్గరికి చేరాలి. ఒక్క తెడ్డు తప్పితే దిబ్బ దాటిపోతుంది. ఒడ్డు మీద రైతు నా చేయి పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకున్నట్టు అతనికీ తెలియదు, చాలాసేపటి వరకు నాకూ తెలియదు. దూరం నుంచి మాకు బెస్త అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి: "బరువూ, ఎడమకు! బరువూ, నడుమకు!" నైజాం కాలం నుంచి కొలువు చేసిన మా జమేదార్, ఆ పిలుపుకు ఏ కవాతులోనూ చూపని చురుకుతో అటూ ఇటూ జరుగుతున్నాడు. పుట్టి దిబ్బను ఒరుసుకుని ఆగింది. రైతు నా చేయి వదిలి నేల మీద కూర్చుండిపోయాడు.

దిబ్బ మీద జరిగినది తరువాత కానిస్టేబులు చెప్పగా విన్నాను. ముసలమ్మ ముందుగా రెండు కోళ్లున్న గంపను పుట్టిలో పెట్టిందట.

"అవ్వా, కోళ్లు వొద్దు. బరువైతది" అన్నాడట జమేదార్.

ముసలమ్మ ఆయనను తల నుంచి కాళ్ల దాకా చూసి, "నువ్వెక్కంగ లేంది, నా కోళ్లెక్కితే బరువా?" అన్నదట. కోళ్లు ఎక్కాయి. బెస్త తెడ్డు మీద వాలి నవ్వాడట.

ఈలోగా ఒడ్డున ఇంకొక సంగతి జరిగింది. పర్యటనలో ఉన్న మా డి.ఎస్.పి. గారు వార్త విని జీపులో వచ్చారు. ఆయన కోస్తా జిల్లాలవారు. నాకంటే క్రమశిక్షణ కలవారు. అంతకు ముందు అది సాధ్యమని నేను అనుకోలేదు. ఇద్దరం ఒడ్డు చివర నిలబడి, తిరిగి వస్తున్న పుట్టిని చూస్తున్నాము. రైతు భార్య చెంబుతో నీళ్లు తోడుతున్నది. ఆమె చేతులకు పని ఉండడం వల్ల పసిబిడ్డ జమేదార్ ఒడిలో ఉన్నది. కానిస్టేబులు వీపు మా వైపు పెట్టి తెడ్డు వేస్తున్నాడు. ఒడ్డు ఇంక కొద్ది బారల దూరంలోకి వచ్చింది. జనం అప్పుడే కేకలు, ఈలలు మొదలుపెట్టారు.

ఆ కేకలకు కానిస్టేబులు వెనక్కి తిరిగాడు. డి.ఎస్.పి. గారు కంటబడ్డారు.

తరువాతి పని అతని బుద్ధి చేసినది కాదు, శిక్షణ చేసినది. అతను పుట్టిలో లేచి నిలబడి, కాలు గట్టిగా కొట్టి, సలాం చేశాడు. డి.ఎస్.పి. గారి చేయి కూడా అలవాటు చొప్పున నుదుటికి పోయింది. ఆయన చేయి అక్కడ ఉండగానే సలాం చేసిన మనిషి, పుట్టిలోనివారు అందరూ కనిపించకుండా పోయారు.

కేకలు ఆగిపోయాయి. నీళ్ల మీద బోర్లాపడిన పుట్టి, తలపాగా ఒకటి, కోళ్ల గంప. అప్పుడు నీళ్లలోంచి రెండు చేతులు పైకి వచ్చాయి. ఆ చేతుల్లో పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నది. నా జీవితంలో అంత కమ్మని ఏడుపు మళ్లీ వినలేదు. చేతుల వెనుక నెమ్మదిగా జమేదార్ నుదురు, కళ్లు, ముక్కు వచ్చాయి. గోరింటాకు గడ్డం నీళ్లలోనే ఉండిపోయింది.

ఆయన కాళ్లకు నేల తగిలింది. అక్కడ మామూలు మనిషిని నిలవనిచ్చే ప్రవాహం కాదది. అందరికంటే బరువైనవాడు గనుక నిలబడ్డాడు.

"కదలండి జమేదార్ సాబ్! ఒడ్డుకు రండి!" అని అరిచాను.

"కదలను సాబ్!" ఆయన నోట్లో నీళ్లు పోతున్నాయి. "కదిల్తె పోత! బిడ్డను దీస్కోండ్రి, జల్ది!"

మా రైతు అప్పటికే దూకాడు. నేను బూట్లతోనే దిగాను. నా వెనుక డి.ఎస్.పి. గారు, ఆయన వెనుక జీపు డ్రైవరు, జవాన్లు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడ్డారు. రైతు బిడ్డను అందుకుని వెనక్కి ఇచ్చాడు. బిడ్డ చేతి నుంచి చేతికి మారి ఒడ్డు చేరింది. రైతు భార్య నది ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ఆమె ఈది వచ్చి మాకంటే ముందే అక్కడ ఉన్నది.

"చేరిందా?" అన్నాడు జమేదార్.

"చేరింది!"

"అయితె ఇగ నన్ను పట్టుకోండ్రి" అంటూనే ఆయన కాళ్లు లేచిపోయాయి. ఆయనను ఒడ్డుకు లాగడానికి ఆ గొలుసు మొత్తం కావలసి వచ్చింది. పక్కనే ముసలమ్మ మా కానిస్టేబులును ఈడ్చుకొస్తున్నది. పుట్టి అంచు తలకు తగిలి అతనికి దిమ్మ తిరిగింది. శిక్షణలో కత్తిరించిన జుట్టు పట్టుకు చిక్కలేదు గనుక ఆమె కాలరు పట్టుకున్నది.

"సలాం గొట్టెతందుకు నీకు గీ జాగనే దొరికిందా కొడుకా?" అంటూ అతన్ని ఇసుకలోకి తోసి, వీపు మీద రెండు చరిచి నీళ్లు కక్కించింది. బెస్త అప్పటికే తన పుట్టి వెంట ఈదుతూ పోతున్నాడు. కొంత దిగువన దాన్ని పట్టుకున్నాడు. కోళ్లు మాత్రం దొరకలేదు.

ఠాణాలో అందరం తడిబట్టలతోనే చాయ్ తాగుతుండగా డి.ఎస్.పి. గారు విచారణ ప్రారంభించారు. ముందు కానిస్టేబులును పిలిచారు. అతను వణుకుతూ నిలబడి మళ్లీ సలాం చేశాడు.

"చాలు, చాలు! అసలు నువ్వెందుకు వెళ్లావయ్యా?"

"జమేదార్ సాబ్ బూట్లు ఇప్పిండు సార్. ఈత రానోడు ఎక్కుతుంటె ఈత వచ్చినోన్ని నేను ఒడ్డుమీద నిలవడితె, మా ఊర్లె మొఖమెట్ల సూపెట్టాలె?"

డి.ఎస్.పి. గారు జమేదార్ వైపు తిరిగారు. "మరి మీరు? ఈత రాదని తెలిసి ఎందుకు ఎక్కారు?"

జమేదార్ నీళ్ల గోలెం పక్కన బల్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. లేవబోతే, కూర్చునే చెప్పమన్నారు.

"ఏం జెప్పాలె సాబ్. నైజాం జమానాల నౌకర్ల జేరిన. అప్పటిసంది ఠాణాకు ఎవడొచ్చినా నేనొక్కటే మాటంట: 'రేపు రా.' బర్రె పోయిందని వొస్తె రేపు రా. అన్నదమ్ములు తలలు పలగ్గొట్టుకోని వొస్తె రేపు రా. వాడు మల్ల వొస్తడు, నేను మల్ల గదే అంట. గియ్యాల గా మనిషి నా కాళ్లమీద వడ్డడు. నోటికాడికి గదే మాటొచ్చింది సాబ్. రేపు వొస్తడు. వొచ్చి ఏం అడుగుతడు? పీన్గులు దెచ్చియ్యమంటడు. గా మాట మింగిన. మింగేసరికి పుట్టిల ఉన్న."

డి.ఎస్.పి. గారు చాయ్ కప్పులోకి చూశారు. నేను కిటికీలోంచి చూశాను. చూడవలసినది అక్కడ ఏమీ లేదు.

ఆ విద్యార్థులకు నేను చెప్పి ఉండవలసినది ఇంతే. మా జమేదార్ అంతకు ముందు నిర్భయుడు కాడు, ఆ తరువాత కూడా కాలేదు. తన ముందు నిలబడిన మనిషికి ఇక వేరే గుమ్మం లేదని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. కానిస్టేబులుకు తన ముందున్నవాడు బూట్లు విప్పడం కనిపించింది. నేను చూసిన సాహసాలు చాలావరకు ఇలాగే మొదలయ్యాయి. ప్రమాణం, క్రమశిక్షణ మనిషిని ఆ గుమ్మం దాకా తెచ్చి నిలబెడతాయి. అక్కడి నుంచి అతను ఒంటరి. క్రమశిక్షణ కొన్నిసార్లు పుట్టిని కూడా ముంచుతుందని ఆ రోజు చూశాను గనుక, ఇంతకంటే గట్టిగా దాని తరఫున వాదించను.

డి.ఎస్.పి. గారు ఇద్దరి పేర్లనూ ప్రశంసకు సిఫారసు చేశారు. అంతకు ముందు కానిస్టేబులుకు శిక్ష వేశారు: ఠాణా ముందు బల్ల వేసి, దాని మీద కూర్చుని సలాం చేయడం నేర్చుకోవాలి. అతను ఆ సాయంత్రమంతా కూర్చుని సలాం చేస్తూనే ఉన్నాడు. దారిన పోయేవారు నవ్వుతూ తిరుగు సలాములు చేశారు. జమేదార్‌ను ఈత నేర్చుకొమ్మని ఆదేశించారు.

"నేర్సుకుంటె సన్నవడుతరట సాబ్" అన్నాడు జమేదార్ వినయంగా. "మల్ల పుట్టిల బరువెవరు?"

డి.ఎస్.పి. గారు అంతగా నవ్వగలరని నాకు అప్పటివరకు తెలియదు.

ఆ రోజు నుంచి మా ఠాణాలో "రేపు రా" అనే మాట వినిపించలేదని రాస్తే బాగుండును. కాని అది అసత్యం. మరునాడే ముసలమ్మ వచ్చింది. తన కోళ్లు పోలీసుల మూలాన కొట్టుకుపోయాయని, వాటికి జిమ్మేదారు, అంటే బాధ్యుడు, ఎవరని గుమ్మంలో కూర్చుని అడిగింది. జమేదార్ జలుబుతో ముక్కు తుడుచుకుంటూ, కళ్లు కూడా ఎత్తకుండా, "రేపు రా అవ్వా" అన్నాడు.

"గట్లనా?" అన్నది ముసలమ్మ. "నిన్న గోదారొస్తె దాన్ని రేపు రమ్మనకపోతివి!"

ఠాణా మొత్తం నవ్వింది. జమేదార్ లేచి, ఇంటికి వెళ్లి, తన భార్య అరుస్తుండగా రెండు కోళ్లను పట్టి తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. తనవాటి కంటే ఇవి బక్కగా ఉన్నాయని ఆమె అన్నది.

జ్ఞాపకం మీద ఆధారపడి రాశాను గనుక ఇందులో పొరపాట్లు ఉండవచ్చు. ప్రవాహ స్వభావాన్ని గురించి, పుట్టి నడిపే విధానాన్ని గురించి నేను తప్పు రాసి ఉంటే తెలిసినవారు దయచేసి దిద్దవలెను. పసిబిడ్డ మగపిల్లవాడని నాకు గుర్తు. ఆడపిల్లేనని నా భార్య పట్టుదల. మా ఇంట్లో ఈ తగవు ఇంకా తెగలేదు. ఆ బిడ్డ ఇప్పుడు పెద్దదై, లేదా పెద్దవాడై, ఇది చదవడం తటస్థిస్తే, స్వయంగా వచ్చి మాలో ఎవరిది తప్పో చెప్పవలసిందిగా కోరుతున్నాను. ఏ వేళకు వచ్చినా సరే.